కుండను గీసేవాడికి గుండయ్య ఏమవుతాడు?

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో మొదటి ఏడాది విద్యార్థి ముందు తరచుగా పెట్టే వస్తువు మట్టికుండ. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద కుండ పెట్టి, పక్కన రెండు ఉల్లిగడ్డలో ఒక సీసానో ఉంచుతారు. చూడ్డానికి చాలా తేలిక. కష్టమంతా పెన్సిల్ పట్టుకున్నాకే. కుండమూతి గుండ్రంగా ఉంటుందని మనసుకు తెలుసు కాబట్టి చెయ్యి గుండ్రంగా గీసేస్తుంది. కూర్చున్న చోటు నుంచి కంటికి మాత్రం అది కోలగా కనబడుతూ ఉంటుంది. కుండ పొట్టకు నీడ పడ్డ వైపు అంతా నల్లగా ఉంటుందనుకుంటాం. అక్కడ అంచు పొడుగునా సన్నటి వెలుగు ఒకటి ఉంటుంది, కింద పరిచిన గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగు. తెలిసినదాన్ని పక్కన పెట్టి కనబడినదాన్నే గీయడం చేతికి పట్టుబడేసరికి నెలలు గడుస్తాయి.

పాలకుర్తి నుంచి ఆ తరగతికి చేరిన విద్యార్థికి కుండ కొత్త వస్తువు కాదు. పాత వరంగల్ జిల్లాలో, ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న ఆ ఊరు పాల్కురికి సోమనాథుడిదని తెలుగువారి నమ్మకం. ఆయన కాకతీయుల కాలంలో రాసిన బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ ఉంది. గుండయ్య గొప్ప తపస్సులేవీ చేయలేదు. కుండల మీద తాళం వేస్తూ ఆడాడు. ఆ దరువుకు శివుడు కూడా ఆడాడు. గుండయ్య పూజకు వేరే గంట అక్కర్లేకపోయింది.

కుండ చేయడం పూజ అయిందన్నమాట. మరి కుండ బొమ్మ గీయడం ఏమవుతుంది? అందులో నీళ్లు నిలవవు, అన్నం వండుకోలేం, తాళం వేస్తే మోగదు. నాలుగేళ్లపాటు అలాంటి బొమ్మలు గీయడమే చదువుగా పెట్టుకున్నవాడు చేస్తున్నది పనా, ఆటా, ఆరాధనా?

ఇంట్లో ఈ ప్రశ్న ఇంకో మాటల్లో వస్తుంది. బొమ్మలు గీస్తే బువ్వ దొరుకుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. దానికి జవాబు లేకపోలేదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1940లో మొదలైన కళాపాఠశాలకు వారసురాలు. 2008 నుంచి అది జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగం. ఇంటర్ పాసై, ప్రవేశ పరీక్ష రాసి, నాలుగేళ్ల బీఎఫ్ఏలో చేరవచ్చు. పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ ఉన్నాయి. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదివినవాళ్లకు ప్రకటనల్లో, సినిమాల్లో, వీడియో ఆటల తయారీలో కొలువులు దొరుకుతాయి. పెయింటింగ్, శిల్పం చదివినవాళ్లు తొవ్వ తామే వేసుకోవాలి. జీతం సంగతి ఇంతే, ఎక్కువ మాటలు అక్కర్లేదు. తల్లిదండ్రుల ప్రశ్న అడుగున మాత్రం ఇంకొకటి ఉంది. ఏ పని మనిషికి తగిన పని, ఏ పనికి బతుకును ధారపోయవచ్చు అన్నది ఆ ప్రశ్న. అది మతానికి సంబంధించినది. పాలకుర్తి ప్రాంతం దాన్ని ఎనిమిది వందల ఏళ్లుగా ఎరుగును.

12వ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడు నడిపిన ఉద్యమం శ్రమకు కాయకమని పేరు పెట్టి దాన్ని కైలాసంతో సమానం చేసింది. సోమనాథుడి పురాణంలో భక్తులు పనిముట్లతో సహా కనబడతారు. మడివాలు మాచయ్య బట్టలు ఉతుకుతాడు, గుండయ్య కుండలు చేస్తాడు, ఉడుమూరి కన్నప్ప వేటాడతాడు. పని మాన్పించి ఎవరినీ సన్న్యాసిని చేయలేదు. కాయకానికి జంటగా ఇంకో నియమం ఉంది, దాసోహం. పని నిజాయితీగా ఉండాలి, దాని ఫలం నలుగురికీ చేరాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఆ లెక్క పూర్తికాదు.

శ్రమఫలం ఎవరిదన్న ప్రశ్న పాలకుర్తిలో పురాణంతోనే ఆగలేదు. 1940లలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడింది ఈ ఊళ్లోనే, తాను పండించిన పంట తన ఇంటికే చేరాలని. మాచయ్య కథ విన్న నేల మీద ఆ పోరాటం జరగడాన్ని కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం.

ఆ రెండు నియమాలతో కళ చదువును తూచి చూడవచ్చు. మొదటిదానికి అది నిలుస్తుంది. కుండ అంచు మీది సన్నటి వెలుగును పట్టుకోవడానికి నెలల తరబడి కూర్చునే విద్యార్థి పనిలో మోసానికి చోటు లేదు, కాగితం వెంటనే చెప్పేస్తుంది. రెండోదాని దగ్గరే చిక్కు. ఆ బొమ్మ ఎవరికి చేరాలి?

పాత కాలంలో ఈ చిక్కు లేదు. బొమ్మ ఎవరికోసమో ముందే తేలిపోయి ఉండేది. శుక్రనీతి మరీ నిక్కచ్చిగా చెబుతుంది: దేవతల బొమ్మలు చేయడం పుణ్యం, మనుషుల బొమ్మలు ఎంత చక్కగా కుదిరినా స్వర్గానికి దారి చూపవు. ఆ మాటను అక్షరాలా పాటిస్తే ఇప్పటి బీఎఫ్ఏలో సగం పాఠాలు మూసేయాలి. మనిషి మొహం, చేతివేళ్లు, కూర్చున్న భంగిమ చూసి గీయడమే కదా అక్కడ రోజువారీ పని.

ఇక పాలకుర్తికి వాయవ్యాన, ఒకప్పుడు అదే వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాల సంగతి. అక్కడి నకాషీ చిత్రకారులు పటం, అంటే కథ చెప్పడానికి వాడే బొమ్మల గుడ్డ, వేసే పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల పిండి, తుమ్మజిగురు కలిపి పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు, మళ్లీ ఆరబెడతారు. గుడ్డ నేత కనబడకుండా నున్నబడే వరకూ ఇదే పని. ఆ తరవాత పెన్సిలు లేకుండా నేరుగా కుంచెతో గీత లాగుతారు. వెనక అంతా ఎర్రరంగు నింపుతారు. ఆ ఎరుపు మీద మనుషులూ దేవుళ్లూ వరసలు వరసలుగా లేచి నిలబడతారు. పటం పొడవు ముప్పై నలభై అడుగులు దాటిపోతుంది. అది గోడకు తగిలించుకోవడానికి వేసినది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడిగెలవారు, గౌడులకు కథ చెప్పే గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు వచ్చి తమ తమ కథకు పటం వేయించుకునేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారికి పటం బదులు కర్రబొమ్మలు కావాలి. పటానికి పూజ చేసి కథకు తీసుకెళ్లేవారు. వాడి వాడి చిరిగిపోతే దాన్ని మూలన పడేయకుండా నదిలో నిమజ్జనం చేసేవారు. మనిషికి చేసినట్టే దానికీ చివరి మర్యాద జరిగేది.

తెలంగాణలో అందమైన పనులు చాలావరకు ఇలా వెళ్లిపోవడానికి చేసినవే. ముగ్గు మరునాటి కల్లాపికి పోతుంది, బతుకమ్మ చెరువులోకి పోతుంది. కాలేజీలో గీసిన బొమ్మను మాత్రం ఫైలులో దాచాలి, చివరి ఏడాది దాకా కాపాడాలి, మార్కులకు చూపించాలి. రెండు చోట్లా చేతి నైపుణ్యం ఒకటే అయినా బొమ్మ జీవితం వేరు. ఒకచోట అది నలుగురి మధ్య అరిగిపోయి మాయమవుతుంది, ఇంకోచోట గీసినవాడి పేరుతో నిలవ ఉంటుంది.

అలాగని కాలేజీ కంటే కులవృత్తే మేలనడం పెద్ద అన్యాయం. చేర్యాల కుంచె పట్టాలంటే నకాషీ ఇంట పుట్టాలి. పెంబర్తి ఇత్తడి రేకు మీద సుత్తి వేయాలంటే విశ్వకర్మల ఇంట పెరగాలి. పటంలోని కథను తరతరాలుగా చెప్పిన డక్కలి ఇంటి బిడ్డకు ఆ పటం వేసే హక్కు ఏనాడూ రాలేదు. ఆడపిల్లల చేయి ఇంటి పనిగా కలిసిపోయేది, పేరు బయటికి వచ్చేది అరుదు. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షలో నీ తాత ఏం చేసేవాడని ఎవరూ అడగరు. జ్ఞాపకం నుంచి ఒక సన్నివేశం గీయమంటారు. సంతో, నాట్లో, బస్టాండో. ఎవరి కన్ను ఎంత చూసిందో అక్కడ తేలుతుంది. బసవేశ్వరుడు లింగాన్ని గుడిలోంచి తీసి ఎవరి మెడలోనైనా కట్టినప్పుడు జరిగింది కూడా ఇదే. అర్హత పుట్టుక నుంచి సాధనకు మారింది. కళను విశ్వవిద్యాలయంలో డిగ్రీగా పెట్టడంలో ఉన్న అతిపెద్ద ధర్మం ఇదే. దీన్ని ఎవరూ తగినంత గట్టిగా చెప్పడం లేదు. పాలకుర్తి పిల్లలకు, ముఖ్యంగా బొమ్మలు కులంలో లేని ఇళ్ల పిల్లలకు, ఈ చదువు ఒకటుందని హైస్కూల్లోనే తెలియాలి.

సోమనాథుడు తన కాలంలో ఈ రెండు లోకాలనూ ఎరిగినవాడే. సంస్కృతంలో భాష్యం రాయగల పాండిత్యం ఆయనది. వృషాధిప శతకంలో అనేక భాషల పద్యాలు నడిపాడు. అంత చదువు చదివినవాడు బసవపురాణాన్ని జనం పాడుకునే ద్విపదలో రాశాడు. చదువు ఆయన్ని జనం నుంచి దూరం చేయలేదు, జనానికి ఎలా చేరాలో నేర్పింది. 1369లో భీమకవి ఆ పురాణాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్‌ల ఇంగ్లిష్ అనువాదం వచ్చింది. ఊరివాళ్లు పాడుకోవడానికి రాసింది అంత దూరం వెళ్లింది.

వీరశైవ సాధనలో బొమ్మల విద్యార్థికి దగ్గరి చుట్టమైన పని ఇంకొకటి ఉంది. మెడలో కట్టుకునే ఇష్టలింగానికి కళ్లు, చేతులు, ఆభరణాలు ఏమీ ఉండవు. కంతి అనే నల్లటి పూత పూసిన చిన్న రూపం. దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని చూపు నిలుపుతారు. చూడటమే పూజ. ఎదురుగా కథ లేదు, అలంకారం లేదు, కాబట్టి చూపు జారిపోవడానికి సాకులు లేవు. మొదటి ఏడాది డ్రాయింగు తరగతిలో మూడు గంటలు ఒకే కుండను చూస్తూ కూర్చోవడం కూడా అలాంటి క్రమశిక్షణే. భక్తుడికి ఎదుట ఉన్నది శివుడు, విద్యార్థికి ఎదుట ఉన్నది మట్టి. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేయకూడదు. కానీ తెలిసిందనుకున్నదాన్ని వదిలి ఉన్నదాన్ని చూసేలా మనసును లొంగదీయడం ఇద్దరికీ ఒకటే. నాలుగేళ్లు కళ చదివి, తరవాత కుంచె ముట్టకుండా ఏ బ్యాంకులోనో స్థిరపడినా సరే, అలాంటి చూపు వచ్చినవాడి చదువు వృథా అయిందనడం తప్పు.

మన శాస్త్రాలు ఈ చదువుకు పాఠ్యక్రమం కూడా ఆలోచించాయి. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో వజ్రుడనే రాజు మార్కండేయుణ్ని దేవతామూర్తులు చేయడం నేర్పమంటాడు. ముని వెంటనే నేర్పడు. చిత్రకళ తెలియనివాడికి మూర్తి చేయడం రాదంటాడు. చిత్రం రావాలంటే నృత్తం తెలియాలి, నృత్తానికి వాద్యం తెలియాలి, వాద్యానికి గానం తెలియాలి. రాజు అడిగింది శిల్పం, మొదలుపెట్టాల్సి వచ్చింది పాటతో. ఒక కళను విడిగా తెగ్గోసి నేర్పలేమన్న ఎరుక అందులో ఉంది. నేటి కాలేజీల్లో పెయింటింగు విద్యార్థికి దరువుతో, పాటతో పనిపడే సందర్భాలు చాలా తక్కువ.

పేరు సంగతి కూడా చూడాలి. పాత కళాకారులంతా పేరు చెప్పుకోని వినయశీలులని, ఇప్పటివాళ్లు అహంకారులని ఒక మాట తరచుగా వినబడుతుంది. పాలంపేటలో 1213 నాటి గుడిని చూస్తే ఆ మాట తేలిపోతుంది. కట్టించింది కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు, లోపల ఉన్నది రామలింగేశ్వరుడు, జనం నోట నిలిచింది మాత్రం చెక్కిన శిల్పిదని చెప్పుకునే పేరు, రామప్ప. 2021లో యునెస్కో జాబితాలో కాకతీయ రుద్రేశ్వర ఆలయమన్న పేరు పక్కన బ్రాకెట్లో ఆ పేరూ ఎక్కింది. శిల్పికి పేరు రావడంలో దోషమేమీ లేదు. ఆ పేరు ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెరలో పోతన గురించి చెప్పుకునే కథ కూడా ఇక్కడికే వస్తుంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనని, రాముడికే ఇస్తానని ఆయన పట్టుబట్టాడంటారు. నాగలి పట్టుకుని బతికిన కవి కాబట్టి కాదనగలిగాడు. బువ్వకు వేరే దారి ఉంది గనక పద్యాన్ని అమ్మకుండా నిలిచాడు. ఈనాటి పెయింటరు ఎదుట రాజు లేడు, గ్యాలరీ ఉంది, ఆర్డరిచ్చే కంపెనీ ఉంది. ఎవరికి అంకితమివ్వాలన్న ప్రశ్న అలాగే ఉంది.

దీనికి మన దగ్గరివాళ్లే కొన్ని జవాబులు బతికి చూపించారు. కొండపల్లి శేషగిరిరావు (1924–2012) పాత వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టి, హైదరాబాద్‌లో కళ చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. ఆ నందలాల్ 1938లో గాంధీజీ కోరిక మీద హరిపుర కాంగ్రెస్ సభలకు వందలాది చిత్రాలు సిద్ధం చేయించిన మనిషి. సభకు వచ్చే రైతులు చూడాలని వేసిన చిత్రాలవి. వాటిలో దరువు వేసేవాడు, వడ్లు దంచే ఆడవాళ్లు, కుమ్మరి, వడ్రంగి ఉన్నారు. కళ చదివిన చెయ్యి దాసోహం చేస్తే ఎలా ఉంటుందో అంతకంటే మంచి ఉదాహరణ ఇరవయ్యో శతాబ్దపు భారతదేశంలో దొరకడం కష్టం. శేషగిరిరావు తిరిగొచ్చి హైదరాబాద్ కాలేజీలో దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) దారి వేరు. ఆయన నకాషీ గీతను తన బొమ్మల్లోకి తెచ్చుకుని, ఊరి పండుగలను, వృత్తులను గీస్తూ సిద్దిపేటలోనే ఉండిపోయారు.

నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్, బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. బరోడాలో వాళ్లకు దొరికినది యూరప్ నకలు కాదు, తమ ఊరిని కొత్తగా చూసే ధైర్యం. లక్ష్మాగౌడ్ రాగిరేకు మీద గీతల్లోకి మేకలు, చెట్లు, ఊరి దేహాలు వచ్చాయి. వైకుంఠం బొమ్మల్లోకి పెద్ద కుంకుమబొట్టుతో తెలంగాణ ఆడవాళ్లు వచ్చారు. ఊరు వాళ్ల చిత్రాల్లోకి వచ్చింది, నిజమే. ఆ చిత్రాలు ఊరికి తిరిగి వచ్చాయా? వాటి ధరలకు అది కుదరని పని. ఇది ఆ చిత్రకారుల తప్పు కాదు. బొమ్మకు ఊళ్లో ఇల్లు మనం కట్టలేదు.

కళ చదివినవాడు విధిగా జనానికి పనికొచ్చే బొమ్మలే వేయాలని శాసిస్తే అది ఇంకో రకం వెట్టి అవుతుంది. విద్యార్థికి అర్థంకాని బొమ్మ వేసే హక్కు ఉండాలి, ఎవరికీ నచ్చని బొమ్మ వేసే హక్కు కూడా. కాయకం నియమం దాన్ని కాదనదు. కాయకం అడిగేది ప్రయోజనాన్ని కాదు, చేతికీ మనసుకీ మధ్య మోసం లేకపోవడాన్ని. దాసోహం అడిగేది అమ్మకాన్ని కాదు, చేసినది తలుపు వేసి దాచుకోకపోవడాన్ని. ఆ తలుపు తీయడం విద్యార్థి ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

బీఎఫ్ఏ చివరి ఏడాది ప్రదర్శన కాలేజీ గోడల మీద జరుగుతుంది. తోటి విద్యార్థులు, అధ్యాపకులు, కొందరు కొనుగోలుదారులు వస్తారు. అదే ప్రదర్శన శివరాత్రి జాతరనాడు పాలకుర్తి సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి గుట్ట కింద పెడితే చూసేవాళ్లు వేలల్లో ఉంటారు. ఇది కొత్త ఊహేమీ కాదు. సోమనాథుడే పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని వర్ణిస్తూ వాళ్ల పాటలు, ఆటలు, తోలుబొమ్మలు అన్నీ లెక్కగట్టి చెప్పాడు. జాతర ఆనాటికే కళాప్రదర్శన కూడా. ఒక ఏడాది చివరి పరీక్షను ఇలాంటి చోట జరపడానికి విశ్వవిద్యాలయానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక పందిరి, కొన్ని తడికలు, దీపాలు చాలు.

అయితే జాతరలో బొమ్మ ఒంటరిగా నిలబడలేదు. కూనపులివారు పటం విప్పినప్పుడు పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పే మనిషి ఉండేవాడు, వెనక వంతపాట, తాళం ఉండేవి. ఒక వరస బొమ్మ నుంచి తరవాతి వరసకు చూసేవాళ్లను పాటే తీసుకెళ్లేది. గ్యాలరీలో ఆ స్థానంలో ఇప్పుడు పేరు, కొలత, వాడిన రంగు రాసిన చిన్న చీటీ ఉంటుంది. కాలేజీ తన పాఠాల్లోకి తెచ్చుకోవాల్సింది ఆ కథకులనే. మార్కండేయుడు వజ్రుడికి చెప్పిన వరసలోనే, ముందు పాట, తరవాత బొమ్మ. పటం కథలు పాడేవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఒక్క సెమిస్టరుకైనా వాళ్లను అతిథి ఉపాధ్యాయులుగా పిలిచి జీతమిచ్చి కూర్చోబెట్టాలి. చివరి ఏడాది విద్యార్థి తన బొమ్మ ముందు నిలబడి, గుట్ట కిందికి వచ్చిన రైతుకు, బీడీలు చుట్టే ఆమెకు అది ఏమిటో చెప్పగలగడానికీ మార్కులు వేయాలి.